సాగర్, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో లంగరు తిప్పలు

తెరచాప పడవతో సాగర్ నీళ్లలో వైజాగ్ కాలనీ దిక్కో, శ్రీశైలం నీళ్లలో సోమశిల దిక్కో దీవుల నడుమ తిరిగేవాళ్లకు పగటిపూట పెద్ద ఇబ్బంది ఉండదు. రాత్రికి ఆగిన దగ్గరే చిక్కులన్నీ.

పడవ జారుతోంది

ఒడ్డు మీది చెట్టును, దాని వెనక గుట్టను ఒకే వరసలో పెట్టి గుర్తుంచుకోండి. గాలికి పడవ ఊగితే వరస తప్పి మళ్లీ కలుస్తుంది. కలవకుండా దూరమవుతూ పోతే లంగరు పట్టలేదన్నట్టే.

చాలాసార్లు కారణం మోకు పొట్టిగా ఉండడమే. అడ్డంగా లాగినప్పుడే లంగరు కొక్కెం నేలలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడుతుంది. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి 7 రెట్లు మోకు వదలండి. లోతు 6 మీటర్లు, ముక్కు 1 మీటరు అయితే 49 మీటర్లు. లంగరు దగ్గర కొంత గొలుసు ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ పొదుపు చేయొద్దని గట్టిగా చెప్తాను. అయితే అంత మోకు మీద పడవ చుట్టూ తిరగడానికి చోటు కావాలి, ఇరుకు పాయల్లోకి దూరకండి.

మోకు పెంచినా జారితే లంగరు ఎత్తి చూడండి. మట్టి అంటకుండా వస్తే అడుగున బండ ఉన్నట్టే. వాగు వచ్చి కలిసే మూలన ఒండ్రు పేరుకుంటుంది, అక్కడికి మారండి.

లంగరు పైకి రావడం లేదు

ఈ నీళ్ల కింద ఒకప్పుడు ఊళ్లు, చెట్లు ఉండేవి. నాగార్జునకొండ కూడా లోయ మునిగాక మిగిలిన గుట్టే. మోళ్లకు, రాళ్లకు లంగరు తగులుకుంటుంది. వేసేముందే లంగరు అడుగు కొసకు సన్నటి తాడు కట్టి, పైన ఖాళీ డబ్బా తేలేలా వదలండి. ఆ తాడుతో వెనక నుంచి లాగితే ఊడుతుంది. వలల బెండ్లు తేలుతున్న చోట అసలు వేయకండి, అది జాలరుల బతుకుతెరువు.

అర్ధరాత్రి ఒడ్డుకు కొట్టుకుంటోంది

గాలి దిక్కు మారింది. వానాకాలంలో పడమటి గాలి ఎక్కువ కాబట్టి దీవికి తూర్పు పక్క చాటు దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ లెక్క నడవదు. ఉక్కపోసిన సాయంత్రం గాలిదుమారం ఏ దిక్కు నుంచైనా లేస్తుంది. మూడు వైపులా గుట్టలున్న మూలనే ఎంచుకోండి, మబ్బు కనబడితే చీకటి పడకముందే మోకు పెంచండి.

తెల్లారేసరికి బురదలో కూరుకుపోయింది

మట్టం తగ్గింది. నిండితే సాగర్ మట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు. కానీ సాగుకు, కరెంటుకు నీళ్లు వదులుతుంటే దిగుతూ పోతుంది. ఆనాటి మట్టం పెరుగుతోందో, తగ్గుతోందో కనుక్కుని, పడవ అడుగుకు కింద కనీసం రెండు మీటర్లు మిగిలేలా నిలపండి. అమ్రాబాద్ పులుల అడవి ఒడ్డున ఆగాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.