బడి తెరిచేలోపు సంపు, ట్యాంకు కడగడం: నల్లగొండ వైపు హైస్కూళ్లకు

నల్లగొండ శివార్లలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చాలాచోట్ల రెండు రకాల నీళ్లుంటాయి: నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు, ఆవరణలోని బోరు నీళ్లు. కడగడానికి చీపురు పట్టేముందు ఆ రెండూ ఒకే సంపులో పడుతున్నాయా అన్నది తేల్చుకోండి. నల్లా వాల్వు కట్టేసి బోరు మోటారు వేయండి. సంపు మూత తీసి టార్చి కొడితే ఏ పైపు నుంచి ధార పడుతోందో కనిపిస్తుంది. కలుస్తుంటే ఎంత కడిగినా లాభం లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలా వాటికి అంతకంటే ఎక్కువే. బ్లీచింగ్ వేస్తే ఫ్లోరైడ్ పోదు. కాచినా పోదు, పైగా నీరు ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్‌కు మన జిల్లా పేరే ఉంది, కానీ బడిలో దాని జోలికి పోవద్దు. పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, లెక్క తప్పితే అల్యూమినియం నీళ్లలోనే మిగిలిపోతుంది.

కాబట్టి లైన్లు విడదీయాల్సిందే. పగటి బడికి ఒక్కో విద్యార్థికి రోజుకు 45 లీటర్ల నీళ్లని లెక్క. 400 మంది ఉంటే 18,000 లీటర్లు. అందులో తాగడానికి, మధ్యాహ్న భోజనం వండడానికి తలకు 5 లీటర్లు చాలు, అంటే 2,000 లీటర్లు. ఒక్క సింటెక్స్ ట్యాంకును కృష్ణా నీళ్లకే కేటాయించి, దాని పైపును వంటగదికి, తాగే నల్లాలకు మాత్రమే ఇవ్వండి. మరుగుదొడ్లకు, మొక్కలకు బోరు ట్యాంకు. రెండు పైపులకు వేర్వేరు రంగులు వేయించండి. లేకపోతే మరుసటి ఏడు వచ్చే ప్లంబరు తెలియక మళ్లీ కలిపేస్తాడు.

ఇక కడగడం. సంపులోకి దిగేముందు మూత తీసి కనీసం గంటసేపు గాలి ఆడనివ్వండి. నడుముకు తాడు కట్టుకుని పెద్దవాళ్లే దిగాలి, పైన ఇంకొకరు కదలకుండా నిలబడాలి. పిల్లల్ని దింపొద్దు, ఏ కారణం చేతనైనా సరే. అడుగున పేరుకున్న ఒండ్రు తోడేసి, గోడలు గట్టి బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్లు పూర్తిగా బయటికి తోడాలి. యాసిడ్ వాడొద్దు. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరాడకుండా చేస్తుంది. గోడకు పగుళ్లుంటే అప్పుడే సిమెంటు పూయించండి, వానాకాలంలో మురికి నీళ్లు ఊరేది అక్కడినుంచే. ట్యాంకు పొర్లుగొట్టానికి జాలీ కట్టండి. జాలీ లేని గొట్టంలోంచి బల్లులు లోపలికి వెళ్లి చస్తాయి.

కడిగాక నింపి, 1,000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి 24 గంటలు ఉంచాలి. పొడిని నేరుగా చల్లొద్దు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేట మాత్రం పోయాలి. సున్నం లోపలికి పోతే మోటారు జాలీలో పేరుకుంటుంది. ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు. అన్ని నల్లాలూ తిప్పి పూర్తిగా వదిలేసి, మళ్లీ కొత్త నీళ్లు పట్టాలి.

రోజువారీ మోతాదు వేరు: 1,000 లీటర్లకు 5 గ్రాములు, అరగంట ఆగి వాడాలి. తూకానికి సైన్స్ ల్యాబులో త్రాసు ఉండనే ఉంది. అయితే నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లు క్లోరిన్ కలిపే వస్తాయి కాబట్టి ముందు పరీక్షించండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల దగ్గర క్లోరిన్ పరీక్ష కిట్ ఉంటుంది. కిట్‌లోని గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు తేలుతుంది, రంగును పట్టీతో పోల్చాలి. ట్యాంకు దగ్గర కాదు, వరండా చివరి నల్లా దగ్గర చూడండి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు కనిపిస్తే ఇంకేమీ వేయక్కర్లేదు. సోమవారం పొద్దున తప్పకుండా చూడాలి, ఆదివారమంతా నిలవున్న నీళ్లలో క్లోరిన్ ఆరిపోతుంది. పొడి పాతదైనా, సంచీ తెరిచి పెట్టినా బలం పోతుంది. ఘాటు వాసన రాని పొడిని పారేయండి.

ఫ్లోరైడ్ పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పంపండి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చే సీసాయే వాడాలి. నల్లా రెండు మూడు నిమిషాలు వదిలాక పట్టి, ఆరు గంటల్లోపు చేర్చాలి. వంటగదికొకటి, చివరి నల్లాకొకటి, బోరుకొకటి సీసా పెట్టి, మీద నల్లా పేరు, తేదీ రాయండి.

శివారు బడులకు ఇంకో చిక్కు ఉంది. ఊరు మున్సిపాలిటీలో కలిసినా పైపు పాత పంచాయతీదే కావచ్చు. మొదట నీళ్లు వదిలే మనిషిని అడగండి, ఏ వాల్వు ఎవరిదో ఆయనకే తెలుస్తుంది. ఆ తర్వాతే పెద్దసారు, కమిటీ చైర్మన్ సంతకాలతో సరైన ఆఫీసుకు అర్జీ పెట్టండి. ఖర్చుకు స్కూల్ గ్రాంటులో కనీసం పదోవంతు పారిశుద్ధ్యానికి వాడాలని నిబంధన ఉంది. బ్లీచింగ్, బ్రష్‌లు, జాలీ కొన్న బిల్లులు అందులోనే రాయించండి.