ఏరియేటర్ బుష్‌ల గోల ఎట్టా తెగిందంటే

మాది కావలి పక్కన చిన్న వర్క్‌షాపు, రొయ్యల గుంటలకి ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు చేస్తాం. మూడు మోడళ్లు, తిరిగే షాఫ్టుల (ఇరుసుల) లావేమో 20, 25, 28 ఎమ్ఎమ్. షాఫ్టు తిరిగేది బుష్ అనే గొట్టం ముక్కలో, దాని సైజు షాఫ్టుకి సరిపోవాల. అర్ధరాత్రి "అన్నా బుష్ పోయింది, రొయ్య పైకి తేలతా ఉండాది" అని ఫోనొస్తే కుర్రోడు పరిగెత్తిపోయేది, తీరా చూస్తే తీసకపోయిన బుష్ ఇంకోదానిది!

అన్నిటికీ 25 షాఫ్టే పెట్టేసినా, ఒకటే నైలాన్ బుష్. చిన్న మోడల్‌కి ఖర్చెక్కువే, పోనీ అనుకున్నా. మోటారు, గేర్‌బాక్సు మాత్రం కలపలా, లోడు వేరు కదా.

దెబ్బ కూడా తిన్నాలే, లేత్ అతను బుష్ బోరు (లోపలి బొక్క) అర ఎమ్ఎమ్ పెద్దది కొడితే మూడు మోడళ్లూ ఒకేసారి గడగడలాడినయ్. ఇప్పుడు ప్రతి బుష్షూ ప్లగ్ గేజీ (బొక్క సైజు సరిచూసే కడ్డీ) పెట్టి చూసినాకే డబ్బాలో ఏస్తాం. పాత సైజులు ఒక గోతంలో ఉంచినా, ముందు కొన్నోళ్లకి ఇయ్యాలిగా.