న్యూజెర్సీలో గుర్రాలున్న భూమికి పన్ను తగ్గాలంటే: ఎఫ్‌ఏ-1 దరఖాస్తు విధానం

న్యూజెర్సీలో ప్రాపర్టీ టాక్స్ ఎంత బరువో అక్కడున్న మనవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇళ్ళు కమ్ముకొస్తున్న టౌన్‌షిప్పుల్లో ఇంకా గుర్రపుశాలలు మిగిలాయంటే 1964 నాటి ఫార్మ్‌లాండ్ అసెస్‌మెంట్ చట్టం చాలా సాయపడింది. అర్హత ఉన్న భూమికి మార్కెట్ ధర కాకుండా సాగు విలువ కట్టి పన్ను వేస్తారు.

ఇల్లు, దాని చుట్టూ పెరడు తీసేశాక కనీసం 5 ఎకరాలు ఉండాలి. అది అంతకుముందు వరసగా రెండేళ్ళు సాగులో ఉండాలి. మొదటి 5 ఎకరాల మీద ఏడాదికి 1,000 డాలర్ల రాబడి చూపాలి. ఆ పైన ఎకరానికి 5 డాలర్లు చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది గుర్రాల దగ్గరే. సొంత స్వారీకి రెండు గుర్రాలు పెంచుకుంటే అది సాగు కాదు. గుర్రప్పిల్లల్ని పుట్టించి అమ్మితే, గడ్డి కోసి అమ్మితే చెల్లుతుంది. వేరేవాళ్ళ గుర్రాలను ఉంచుకుని నెలనెలా డబ్బు తీసుకునే బోర్డింగ్ కూడా చెల్లుతుంది కానీ, ఆ శాల ఉన్న జాగా విడిగా అర్హత ఉన్న 5 ఎకరాలను ఆనుకుని ఉండాలి. రెండెకరాల్లో శాల, శిక్షణ మైదానం, పక్కన మూడెకరాల పచ్చిక ఉంటే మొత్తం ఐదైంది కదా అనుకోకండి. అది కుదరదు.

ఎఫ్‌ఏ-1 ఫారం, దాంతోపాటు రాబడి వివరాల ఫారం నింపి మీ టౌన్‌షిప్ టాక్స్ అసెసర్‌కి ఇవ్వాలి. గడువు ముందు ఏడాది ఆగస్టు 1. అంటే 2027 పన్నుకి 2026 ఆగస్టు 1 లోపే. ఒకసారి ఇస్తే సరిపోదు, ఏటా ఇవ్వాలి. యజమాని జబ్బుపడి డాక్టర్ సర్టిఫికెట్ చూపినా, చనిపోయినా సెప్టెంబర్ 1 దాకా పొడిగించవచ్చు. భూమి రెండు టౌన్‌షిప్పుల్లో ఉంటే రెండుచోట్లా విడివిడిగా వేయాలి.

రసీదుల విషయంలో బద్ధకించకండి. ఎండుగడ్డి అమ్మిన రోజే తేదీ, ఎన్ని కట్టలు, కట్ట ఎంత, కొన్నవారి సంతకం ఒక పుస్తకంలో రాయించండి. జూలై ఆఖర్లో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. దరఖాస్తు తిరస్కరిస్తే కౌంటీ టాక్స్ బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకొకటి, పన్ను తగ్గిందంటే గుర్రాలు పెంచుకోవడానికి అనుమతి వచ్చినట్టు కాదు. అది ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చూసే జోనింగ్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. గుర్రాలు కొనకముందే అక్కడ కనుక్కోండి. రేపు ఆ భూమిని ఇళ్ళస్థలాలుగా మారిస్తే ఆ ఏడాదికి, అంతకుముందు రెండేళ్ళకి తగ్గిన పన్ను వెనక్కి కట్టాలి.