మట్టి కార్బన్ లెక్కలు ఒకే షీట్‌లో కలిపే ముందు

ముందుగా అసలు ఫైళ్లకు కాపీ తీసుకోండి. అసలును ముట్టుకోవద్దు.

• వాక్లీ-బ్లాక్ పద్ధతిలో (రసాయనాలతో మట్టి కార్బన్ కొలిచే ల్యాబ్ పద్ధతి) సేంద్రియ కార్బన్ సగటున 77 శాతమే తేలుతుందని లెక్క, అందుకే 1.3తో గుణిస్తారు. ఆ గుణింపు ముందే చేసేశారా? ల్యాబ్ రిజిస్టర్ తెరిచి చూడండి. రెండోసారి గుణిస్తే 0.65 రావలసిన చోట 0.845 వచ్చి కూర్చుంటుంది. నాకు అన్నిటికంటే టెన్షన్ ఇదే.

• 0–15 సెం.మీ. లోతు నమూనాను 0–30 సెం.మీ. లోతు నమూనాతో కలపొద్దు.

• నల్లరేగడిలో తరచూ సున్నం ఎక్కువ. డ్రై కంబశ్చన్ మెషీన్ (మట్టిని మండించి కార్బన్ కొలిచేది) ఆ సున్నంలోని కార్బన్‌నూ కలిపే చూపిస్తుంది. యాసిడ్‌తో ముందే తీసేశారో లేదో రాయడానికి ఒక కాలమ్ పెట్టండి.

• బల్క్ డెన్సిటీ (నిర్ణీత ఘనపరిమాణంలో ఉండే ఎండు మట్టి బరువు) కొలవని చోట హెక్టారుకు ఇన్ని టన్నులని లెక్క కట్టొద్దు.

• ఖాళీ గడిలో సున్నా వేయకండి.