లాగ్‌బుక్‌లో అయిదున్నర గంటలు

నా సీపీఎల్‌ని (కమర్షియల్ పైలట్ లైసెన్సు) ఏటీపీఎల్‌గా (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి కావాల్సిన లైసెన్సు) మార్చుకుందామని పెట్టిన అప్లికేషన్ వెనక్కొచ్చింది. 2023లో లైసెన్సు గడువు 5 నుంచి 10 ఏళ్లయింది, 2025 జనవరి 1న 1934 నాటి విమాన చట్టమే పోయింది. ఏటీపీఎల్‌కి 1500 గంటలు ఎగిరి ఉండాలన్న షరతు మాత్రం కదల్లేదు! నాకు గంటలకి కొదవ లేదు, లాగ్‌బుక్‌లో రాసుకున్న ఫ్లైట్ టైములే కంప్యూటర్‌లో ఎక్కించినవాటితో కలవలేదు.

సెలవులో రాయగడ వచ్చి, పుస్తకం, ల్యాప్‌టాప్ పక్కపక్కన పెట్టుకు కూర్చున్నా. పట్టింది నాన్న. ముప్ఫై ఏళ్లు కిరాణా పద్దులు చూసిన కళ్లు మరి.

"ఒరే, ఇక్కడ 13:30, అక్కడ 19:00 ఏంట్రా?"

యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైము) బదులు మన టైము కొట్టేశా! ఆ నెల ఎంట్రీలన్నీ అంతే. ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు పెడుతూ ఒక్కోటీ దిద్ది, మళ్లీ సర్టిఫై చేయించి పంపా. ఈసారి తిరిగి రాలేదు. పెన్సిల్ మాత్రం నాన్న తిరిగి తీసేసుకున్నారు.