సాంస్కృతిక వసతి గృహంలో ఉంటూ సెమినార్‌లో చదువుకోవడం ఎలా?

సెమినార్ అన్న మాటకు మూలం 'సెమినారియమ్' అనే లాటిన్ పదం. దానికి నారుమడి అని అర్థం. 1738లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో యోహాన్ మథియాస్ గెస్నర్ ప్రాచీన భాషల అధ్యయనానికి సెమినార్ నెలకొల్పారు. ఉపాధ్యాయుడు చెబుతుంటే విద్యార్థులు రాసుకునే పద్ధతితో పాటు, కొద్దిమంది ఒక పాఠాన్ని ముందు పెట్టుకుని చర్చించే పద్ధతి కూడా క్రమంగా విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనుకుంది. ఆ చర్చించేవారంతా ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన తర్వాత వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ మికిల్‌జాన్ 1927 నుంచి 1932 వరకు నడిపిన ప్రయోగాత్మక కళాశాలలో విద్యార్థులు ఒకే వసతి గృహంలో ఉంటూ మొదటి ఏడాది ప్రాచీన ఏథెన్స్‌ను, రెండో ఏడాది ఆధునిక అమెరికాను చదివారు. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక భాష లేదా ఒక సంస్కృతి కేంద్రంగా వసతి గృహాలు, వాటికి అనుబంధంగా సెమినార్లు ఉన్నాయి.

మొదటి పని: గృహం గురించి విచారించడం

సెమినార్‌కు క్రెడిట్లు ఉన్నాయా, వారానికి ఎన్ని కార్యక్రమాలకు తప్పక హాజరు కావాలి, ఏడాది మధ్యలో ఖాళీ చేయవలసి వస్తే నిబంధనలేమిటి అన్నవి ముందే అడిగి తెలుసుకోండి. ఆ సంస్కృతిలో పుట్టనివారికి చోటు ఉండదేమోనని చాలామంది దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1972లో మొదలైన ఉజామా అనే వసతి గృహం నల్లజాతి ప్రజల చరిత్ర, సంస్కృతుల కేంద్రంగా, 1991లో మొదలైన అక్వేకాన్ అనే వసతి గృహం అమెరికా ఆదివాసీ సంస్కృతుల కేంద్రంగా ఏర్పడినా, రెండింటిలోనూ ఏ నేపథ్యం గల విద్యార్థులైనా చేరవచ్చు. స్వాహిలీలో ఉజామా అంటే కుటుంబ భావన, మోహాక్ భాషలో అక్వేకాన్ అంటే మనమందరం. ఆ పేర్లే సమాధానం చెబుతున్నాయి.

దరఖాస్తులో 'నాకు సంస్కృతులంటే ఆసక్తి' అని రాసి ఊరుకోకుండా, అక్కడ మీరు చేయగలిగిన ఒక్క పనిని స్పష్టంగా రాయండి.

రెండో పని: పాఠాన్ని ప్రశ్నతో చదవడం

సెమినార్ బాగా జరిగిందా లేదా అన్నది ముందు రాత్రే సగం తేలిపోతుంది. పాఠాన్ని రెండుసార్లు చదవాలి: ఒకసారి చివరిదాకా ఆగకుండా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మీకు నచ్చిన వాక్యాల కింద గీతలు గీస్తూ పోతే పేజీ నిండుతుందే గాని చర్చకు ఏమీ మిగలదు. అర్థం కాని చోట, ఒప్పుకోలేని చోట గీయండి. ఉదాహరణకు, వలసల మీద రాసిన ఒక వ్యాసం చదువుతున్నారనుకుందాం. 'రచయిత ఇంటి గురించి ఏమన్నారు?' అన్న ప్రశ్నకు ఒకరు జవాబు చెప్పగానే గది నిశ్శబ్దమైపోతుంది. 'మొదటి పేరాలో ఇల్లంటే వదిలి వచ్చిన ఊరు, చివరి పేరాలో ఇల్లంటే అద్దె గది. మధ్యలో ఏ వాక్యం దగ్గర అర్థం మారింది?' అని అడిగితే అందరూ పుస్తకం తెరిచి వెతుకుతారు. అలాంటి ప్రశ్న ఒక్కటి చాలు.

మూడో పని: చర్చలో మాట్లాడడం, వినడం

మీ మాట చెప్పే ముందు, అంతకుముందు మాట్లాడినవారి అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి, తాము అన్నది అదేనా అని వారినే అడగండి. ఇది నిదానంగా అనిపించినా సగం వాదాలు ఇక్కడే పరిష్కారమవుతాయి.

ఈ సెమినార్లలో తరచు జరిగే పొరపాటు ఒకటి ఉంది. చర్చకు వచ్చిన సంస్కృతికి చెందిన విద్యార్థి గదిలో ఒక్కరే ఉంటే, అందరి చూపులూ ఆ ఒక్కరి మీదికే వెళతాయి. 'మీవాళ్లు దీన్ని ఎలా చూస్తారు?' అని అడిగితే లక్షలాది మంది తరఫున జవాబు చెప్పే భారాన్ని ఆ మనిషి నెత్తిన పెట్టినట్లే. 'మీరు దీన్ని ఎలా చూస్తారు?' అని అడగండి. మారింది ఒక్క మాటే గాని, దానివల్ల ఆ విద్యార్థికి తన సొంత అభిప్రాయం చెప్పుకునే స్వేచ్ఛ, ఏమీ చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కూడా దక్కుతాయి.

నాలుగో పని: ఇంటిని కలిసి నడపడం

1909లో న్యూయార్క్‌లో హ్యారీ ఎడ్మండ్స్ అనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్ల మీద ఒక చైనా విద్యార్థిని పలకరించారు. తాను వచ్చి మూడు వారాలైనా తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనేనని ఆ విద్యార్థి చెప్పాడట. ఆ పలకరింపు నుంచి పెరిగిన ప్రయత్నమే 1924లో అక్కడ వివిధ దేశాల విద్యార్థులు కలిసి ఉండే ఇంటర్నేషనల్ హౌస్‌గా తలుపులు తెరిచింది. కాబట్టి చేరిన మొదటి వారంలోనే మీ అంతస్తులో ప్రతి తలుపూ తట్టి, పేరును సరిగా పలకడం నేర్చుకోండి.

అదే వారంలో అందరూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి: రాత్రి ఎన్ని గంటల తర్వాత నిశ్శబ్దం, వంటగది ఎవరి తర్వాత ఎవరు శుభ్రం చేయాలి, బయటివారు ఎంతసేపు ఉండవచ్చు, ఉపవాసాలు, ప్రార్థనలు ఉన్నవారికి ఏ వేళలు వదలాలి. అలవాట్లు వేరైన చోట 'అందరికీ తెలిసిందే కదా' అనుకున్నవే తగవులకు దారితీస్తాయి గనుక, చిన్న విషయాలు కూడా కాగితం మీదికి రావాలి. అయినా తగవు వస్తే వరండాలో నలుగురి ముందు కాకుండా, గృహ బాధ్యత చూసే సీనియర్ సమక్షంలో మాట్లాడుకోండి.

సాంస్కృతిక సాయంత్రాల సంగతికి వస్తే, వేషధారణ, నృత్యాలతో ముగించకుండా, ఆ వారం సెమినార్‌లో తేలని ప్రశ్నను భోజనాల తర్వాత మళ్లీ ఎత్తుకోండి. పదిమంది వచ్చినా చాలు.

చివరి పని: వ్యాసం రాయడం

సెమినార్ చివర్లో సమర్పించే వ్యాసానికి గృహంలోని అనుభవాలు మంచి ముడిసరుకు. అయితే తోటివారు నమ్మి చెప్పిన మాటలను వాడేటప్పుడు, ఆ భాగాన్ని వారికి చూపించి అనుమతి తీసుకున్నాకే సమర్పించండి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ముప్పై మంది ఉండే ఇంట్లో ఆ మాట ఎవరిదో మొదటి వాక్యంలోనే అందరికీ తెలిసిపోతుంది.