బంగారు నానోకడ్డీలపై ఏకపొర మాలిబ్డినం డైసల్ఫైడ్ కాంతిని కొలిచే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఒకే పొరగా ఉన్న మాలిబ్డినం డైసల్ఫైడ్ లేజర్ పడితే కాంతిని వెలువరిస్తుంది; దగ్గరలో బంగారు నానోకడ్డీలు (నానోమీటర్లలో కొలిచే అతి చిన్న కడ్డీలు) ఉంటే ఆ కాంతి పెరగాలి, ఇక్కడ కొలిచేది దానినే. ఈ కొలత జరిగే నెల్లూరు తీరప్రాంతం కనుక గాలిలో తేమ ఎక్కువ. తేమ, ఆక్సిజన్, వెలుతురు కలిస్తే ఈ పొర క్రమంగా పాడవుతుంది కాబట్టి, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల నెలల్లో, నమూనాను డెసికేటర్‌లో (లోపలి గాలిని పొడిగా ఉంచే మూత పాత్రలో) చీకటిలో ఉంచాలి.

సుమారు 0.65 నానోమీటర్ల మందం గల ఆ పొర నిజంగా ఒక్కటేనని రామన్ వర్ణపటంతో (పొరలోని పరమాణువుల కంపనాల వల్ల లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం మారి చెదిరే తీరుతో) ముందే నిర్ధారించుకోవాలి.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది లోహానికీ పొరకూ మధ్య ఉండవలసిన ఎడం గురించి. పొర బంగారాన్ని నేరుగా తాకితే ఎక్సైటాన్ల (కాంతి పడినప్పుడు పొరలో ఏర్పడి, తిరిగి కాంతినిచ్చే ఎలక్ట్రాన్-రంధ్రం జతల) శక్తి, విద్యుదావేశం లోహంలోకి జారిపోయి, పెరగవలసిన కాంతి తగ్గిపోతుంది. ఎడం మరీ ఎక్కువైతే లోహపు సమీప క్షేత్రం (కాంతి పడినప్పుడు లోహ ఉపరితలానికి అతి దగ్గరలోనే ఉండే బలమైన విద్యుత్ క్షేత్రం) పొరను చేరనే చేరదు. అందుచేత కొన్ని నానోమీటర్ల అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) మధ్యలో వేసి, దాని మందాన్ని కొలిచిన తరువాతే లేజర్ వెలిగించాలి.

చిన్న గోళాకార బంగారు కణాలు నీటిలో 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అనునాదం చెందుతాయి (వాటిలోని ఎలక్ట్రాన్లు ఆ కాంతికి బలంగా ఊగుతాయి), పొర ఉద్గారమేమో, అంటే అది వెలువరించే కాంతి, 670 దగ్గర ఉంటుంది. కనుక దానికి సరిపడే పొడవున్న కడ్డీలను ఎంచుకోవడమే మేలు.

లేజర్‌ను మైక్రోవాట్లలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే వేడెక్కిన బంగారం పొరను దెబ్బతీస్తుంది. లేజర్ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పోల్చి చూడటానికి బంగారం లేని చోట అదే పొరను, అదే లేజర్ సామర్థ్యంతో, అదే రోజున కొలవాలి.